నురుగు నింపాలా, గాలి ఆడనివ్వాలా?

తమ్ముడు: అక్కా, సరుకులు మోసే ట్రైలర్‌ను పడుకునే గదిగా మార్చాలంటే మొదటి పని ఇన్సులేషనే. మంచం, పొయ్యి, దీపాలు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. గోడల్లోకి వెళ్లిపోయింది మాత్రం మళ్లీ మార్చలేం. అందుకే ఒక్కసారే గట్టిగా చేసేయాలంటాను. గోడలు, కప్పు, తలుపులు, దేన్నీ వదలకుండా క్లోజ్డ్ సెల్ స్ప్రే ఫోమ్, అంటే నీరు పీల్చని నురుగు, కొట్టించి, మీద ప్లైవుడ్ బిగించేస్తే పదిహేనేళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేదు.

అక్క: పదిహేనేళ్లు దాని జోలికి వెళ్లలేవు కూడా. నా అభ్యంతరమంతా అక్కడే. నువ్వు కొన్న పెట్టె ఏమిటో ఒకసారి చూడు. ఉక్కు ఫ్రేము. పదహారు అంగుళాలకో ఇరవై నాలుగు అంగుళాలకో ఒక నిలువు కమ్మీ. దానిమీద అంగుళంలో ముప్పయ్యో వంతో నలభయ్యో వంతో మందముండే అల్యూమినియం రేకు. హైవే మీద గంటకు అరవై మైళ్ల వేగంతో పోతుంటే ప్రతి అతుకూ, ప్రతి రివెట్టూ కాస్త కాస్త కదులుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు ఎక్కడో ఒకచోట వాన నీరు దిగుతుంది. దిగినప్పుడు నీకు కనపడాలి. గోడనిండా నురుగు అతికించేశాక ఆ నీరు ఎటు పోతోందో ఎవరు చెబుతారు? నేనైతే పలచటి ఫోమ్ పలకలు, స్క్రూలు విప్పితే ఊడివచ్చే లోపలి గోడలు, కప్పులో మంచి ఫ్యాన్, బయటి గాలితోనే మండి పొగను బయటికే వదిలే హీటర్ పెడతాను. అంతకు మించి ఆ పెట్టెకు బరువు ఎక్కించను.

తమ్ముడు: నువ్వు డాలస్‌లో ఉన్నావు కాబట్టి పలచటి పలకలు సరిపోతాయంటున్నావు. నేను డెన్వర్‌లో ఉన్నాను. జనవరిలో కొండల్లో పడుకుంటాను. లెక్క వేద్దాం. ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న పెట్టెకు గోడలు, కప్పు, నేల కలిపితే సుమారు 370 చదరపు అడుగులు. బయట 20 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 7 సెల్సియస్. లోపల 60 ఫారెన్‌హీట్, పదిహేనున్నర సెల్సియస్ ఉంటే చాలు, దుప్పటి కప్పుకుంటాం. ఒట్టి రేకుకు అటూ ఇటూ అంటుకుని ఉండే గాలిపొరతో కలిపి ఆర్ విలువ, అంటే వేడిని ఆపే శక్తి, ఒకటి అనుకో. నాలుగు కిలోవాట్లకు పైగా వేడి బయటికి పోతూ ఉంటుంది. అదే చుట్టూ ఒక అంగుళం ఎక్స్‌పీఎస్ ఫోమ్ ఉంటే ఆర్ విలువ 5. అప్పుడు పోయే వేడి ఒక కిలోవాటు లోపే. రెండు కిలోవాట్ల చిన్న డీజిల్ హీటర్ తక్కువ మంట మీద హాయిగా నడుస్తుంది. ఒట్టి రేకు పెట్టెలో ఐదు కిలోవాట్ల హీటర్ పెట్టినా రాత్రంతా ఆయాసపడుతూ నడవాలి, శబ్దం వేరే. ఇన్సులేషన్ ఇక్కడ సుఖం కోసం కాదు, లేకపోతే అసలు పని జరగదు.

అక్క: ఒట్టి రేకు ఉంచమని నేనూ అనలేదు. నీ లెక్కలో నిజం ఉంది, ఒప్పుకుంటాను. కానీ అది కాగితం మీది నిజం. ఆ చుట్టూ ఉన్న అంగుళం ఫోమ్ ఎక్కడ పెడతావు?

తమ్ముడు: కమ్మీల మధ్య.

అక్క: కమ్మీల మీద ఏముంటుంది?

తమ్ముడు: పావు అంగుళం ప్లైవుడ్.

అక్క: మరి చూడు. కమ్మీ ముఖం అంగుళం వెడల్పు. పదహారు అంగుళాలకు ఒకటి చొప్పున గోడ మొత్తంలో ఆరు శాతం కమ్మీలే. ఉక్కు వేడిని మోసే తీరుకూ ఫోమ్ మోసే తీరుకూ వెయ్యి రెట్లకు పైగా తేడా. కమ్మీ ఉన్నచోట ఆర్ విలువ దాదాపు ఒకటే, ఒట్టి రేకు లాగే. అంటే గోడలో ఆరు శాతం ఉన్న ఉక్కులోంచి మొత్తం నష్టంలో నాలుగో వంతు పోతుంది. నువ్వు ఆర్-5 అనుకుని డబ్బు పెట్టిన గోడ నిజానికి ఆర్-4. స్ప్రే ఫోమ్ కొట్టించినా ఇదే కథ. అంగుళానికి ఆరో, ఆరున్నరో విలువ వస్తుందని ఆశపడి కొట్టిస్తావు. కమ్మీ ముఖం మాత్రం బయటే ఉండిపోతుంది. దానిమీద ప్లైవుడ్ బిగించాలి కదా.

తమ్ముడు: ఆ మాట నాకూ తెలుసు. అందుకే కమ్మీల మీదుగా గోడంతా కప్పేలా అర అంగుళం పాలీఐసో అనే గట్టి ఫోమ్ పలక ఒకటి వేసి, దానిపైన ప్లైవుడ్ బిగిస్తాను. కమ్మీకీ గదికీ మధ్య అడ్డు పడుతుంది. ఇంకో మాట కూడా చెబుతాను, ఇది వేడి లెక్క కంటే ముఖ్యం. లోపల పదిహేనున్నర డిగ్రీలు, తేమ యాభై శాతం ఉందనుకో. సుమారు ఐదు డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ ముఖం మీదైనా నీరు పడుతుంది. కమ్మీ మీద ఒట్టి ప్లైవుడ్ ఉంటే ఆ ప్లైవుడ్ ముఖం రెండు మూడు డిగ్రీల దగ్గరే ఉంటుంది. పొద్దున లేచేసరికి గోడ మీద కమ్మీ కమ్మీకీ ఒక తడి చార కనిపిస్తుంది. అర అంగుళం పాలీఐసో అడ్డం పెడితే అదే ముఖం పదకొండు పన్నెండు డిగ్రీలకు వస్తుంది. చార ఉండదు. బూజు ఉండదు.

అక్క: బాగా చెప్పావు. కానీ నీ మాటలోంచే నా వాదం బయటికొస్తుంది. కమ్మీల మీదుగా వేసిన ఆ అర అంగుళం పలక ఒక్కదానికే ఆర్-3 వస్తుంది. చలిలో పాలీఐసో విలువ కాస్త పడిపోతుంది, అయినా సరే. దానికి రేకు తాలూకు ఒకటి కలిపితే ఆర్-4. కమ్మీల మధ్య అంగుళం ఫోమ్ నింపితే, కమ్మీల నష్టం పోను, మిగిలేది ఎంతన్నాను? అదీ నాలుగే. అంటే మధ్యలో ఏమీ నింపకుండా, ఒక్క పలచటి పలకను ఎక్కడా తెగకుండా వేస్తే, నువ్వు అంతా నింపి సాధించేదే వస్తుంది. అందులోనూ తడి చారలు లేకుండా వస్తుంది. ముందు ఉక్కును కప్పు. ఖాళీలు నింపే సంగతి తర్వాత. సరుకుల ట్రైలర్లు మార్చే చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఖాళీలు శ్రద్ధగా నింపి, ఉక్కును వదిలేస్తారు.

తమ్ముడు: ఈ లెక్కకు ఎదురు చెప్పలేను. రెండూ చేస్తే ఇంకా మేలు కదా అంటాను, అంతే. కానీ నువ్వు వదిలేసిన ఖాళీ గురించి మాట్లాడాలి. పలకకూ రేకుకూ మధ్య అంగుళం గాలి ఉంచావు. ఆ రేకు మైనస్ ఏడు డిగ్రీల్లో ఉంది. మనిషి నిద్రలో కూడా ఊపిరితో, చెమటతో నీరు వదులుతూనే ఉంటాడు. ఇద్దరు ఎనిమిది గంటలు పడుకుంటే అర లీటరు పైమాటే. ఆ నీరు ఆవిరై గదిలో తిరుగుతుంది. పలకల అతుకుల్లోంచి, స్విచ్చు పెట్టె వెనకనుంచి, స్క్రూ రంధ్రాల్లోంచి ఆ ఖాళీలోకి దూరుతుంది. ఎండాకాలంలో చల్లటి మజ్జిగ పోసిన స్టీలు గ్లాసు బయట నీళ్లు కారినట్టు, ఆ రేకు లోపలి వైపు కారుతుంది. గ్లాసును తుడుచుకోవచ్చు. ఈ రేకును తుడిచేదెవరు? రాత్రి మంచుగా పేరుకుంటుంది. పొద్దున ఎండ తగలగానే కరిగి కిందికి జారి, ఫ్రేము అడుగున ఉన్న ఉక్కు మీద, నేల ప్లైవుడ్ అంచు మీద నిలుస్తుంది. కనిపించని తుప్పు అని భయపెట్టావు, ఆ తుప్పును పెంచేది నీ ఖాళీయే. స్ప్రే ఫోమ్ రేకుకు నేరుగా అతుక్కుంటుంది. తడి గాలి రేకును తాకే అవకాశమే లేదు. తాకనిచోట నీరు పడదు.

అక్క: ఇది నీ పక్షంలో అన్నిటికంటే బలమైన మాట. దీనికి తేలిక సమాధానం లేదు, చెప్పనూ చెప్పను. అల్యూమినియం రేకు టేపుతో ప్రతి అతుకూ మూస్తాననొచ్చు. కానీ బండి కదులుతుంది, టేపు ఎక్కడో లేస్తుంది. నువ్వన్నది జరుగుతుంది, కొంత. నేనడిగేది ఆ కొంత నీరు వచ్చాక దానికి బయటికి దారి ఉందా అని. ఫ్యాక్టరీ పెట్టెలో గోడ అడుగు అంచు బిగుతుగా ఉండదు. పైన కారిన నీరు రేకు వెంట కిందికి జారి బయటికి పోతుంది, మిగిలిన చెమ్మ మధ్యాహ్నం ఎండకు ఆరుతుంది. నా గోడలో ఆ దారి తెరిచే ఉంటుంది. నువ్వు నురుగు కొట్టించినప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. ఊపిరిలోంచి వచ్చే నీటిని నువ్వు ఆపావు, నిజమే. కప్పు అంచునుంచి, దీపాల తీగ దూర్చిన రంధ్రంలోంచి వచ్చే వాన నీటిని ఆపలేదు. అది నురుగుకూ ఉక్కుకూ మధ్య సన్నటి సందు దొరకబుచ్చుకుని అక్కడే కూర్చుంటుంది. లోపలినుంచి వచ్చే నీటికి నీ పద్ధతి మందు. బయటినుంచి వచ్చే నీటికి నా పద్ధతి మందు. రెంటికీ ఒకే మందు ఉందని ఎవరైనా అంటే నమ్మకు.

తమ్ముడు: వాన నీటిని బయటే ఆపాలక్కా. కప్పు అతుకుల మీద ఏటా సీలెంట్ చూసుకోవాలి, పగిలినచోట గీకి కొత్తది వేయాలి. అది ఏ క్యాంపర్‌కైనా తప్పని చాకిరీ. ఆ చాకిరీ చేయని మనిషికి నీ పద్ధతీ పనికిరాదు, నా పద్ధతీ పనికిరాదు.

అక్క: చేస్తామనే అందరూ మొదలుపెడతారు. ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్ల కంపెనీ సంగతే తీసుకో. 1936లో వచ్చిన క్లిప్పర్ నాటికే అల్యూమినియం రేకులు రివెట్లతో బిగించి, లోపల ఇన్సులేషన్ పెట్టి, మళ్లీ లోపలి గోడ కట్టారు. ఇన్నేళ్లలో ఆ కంపెనీకి ఉన్నంత అనుభవం ఇంటి వెనక షెడ్డులో పనిచేసే మనకు లేదు. అయినా ఈరోజు అరవైల, డెబ్బైల నాటి ఎయిర్‌స్ట్రీమ్ బాగుచేయడానికి కొన్నవాళ్లను అడుగు. లోపలి గోడలు ఊడదీశాక కనిపించేది కుళ్లిన ప్లైవుడ్ నేల, తుప్పు పట్టిన ఫ్రేము. పై పెంకు మొత్తం ఎత్తి పక్కన పెట్టి, అడుగు కొత్తగా కట్టేవాళ్లున్నారు. పైనుంచి చూస్తే అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. గోడల మధ్య ఏళ్ల తరబడి ఏం జరిగిందో వాడినవాళ్లకు తెలియదు.

తమ్ముడు: అవే ఎయిర్‌స్ట్రీమ్‌లు అరవై ఏళ్ల తర్వాత కూడా బాగుచేయడానికి మిగిలి ఉన్నాయి. అదీ చూడు. పైగా వాటిలో పెట్టింది పీచులాంటి ఫైబర్‌గ్లాస్, తడిస్తే నీటిని పట్టి ఉంచుతుంది, కుదుపులకు కిందికి జారి కూర్చుంటుంది. క్లోజ్డ్ సెల్ ఫోమ్ నీరు పీల్చదు. తప్పు ఇన్సులేషన్ వాడినవాళ్లను చూపించి ఇన్సులేషనే తప్పంటే ఎలా?

అక్క: ఫైబర్‌గ్లాస్ ఈ పనికి తగదు, అందులో మనకు తగాదా లేదు. బుడగల వెండి కాగితం కూడా. రేకుకు నేరుగా అంటించి అదే ఇన్సులేషన్ అనుకునేవాళ్లున్నారు. ఎదురుగా గాలి ఖాళీ లేకపోతే దానికి ఆర్-1 కూడా కష్టమే. ఇక స్ప్రే ఫోమ్ సంగతి చెబుతాను విను. రెండు రసాయనాలు కలిసి రేకు మీద పడగానే వేడెక్కుతాయి. ఒకేసారి మందంగా కొడితే ఇంత పలచటి రేకు అలలు తేలుతుంది, బయటినుంచి చూస్తే గోడ ముడతలు పడ్డట్టుంటుంది. అందులో ఉండే ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు చెడ్డవి. ముసుగు, గాలి గొట్టం లేకుండా కొట్టిన మనిషికి ఉబ్బసం పట్టుకోవచ్చు, ఒకసారి పట్టుకుంటే తర్వాత కొంచెం తగిలినా తిరగబెడుతుంది. సొంతంగా చేస్తానని డబ్బాలు కొనుక్కొచ్చే కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. రేపు రేకుకు సొట్ట పడి ఒక పలక మార్చాల్సివస్తే, నురుగును ఉలితో చెక్కాలి. కొత్త తీగ లాగాలంటే దారి ఉండదు.

తమ్ముడు: తీగలకు ముందే పైపులు వేస్తాను. కొట్టే పని తెలిసినవాళ్లకే ఇస్తాను, పలచగా పొరలు పొరలుగా కొట్టమంటాను. ఊపిరితిత్తుల మాటకు మాత్రం ఎదురు లేదు. ఇది ఇంటి ముందు నిలబెట్టి చేసుకునే పని కాదు, ఒప్పుకుంటున్నాను. అయితే ఇంకో వైపు చూడు. ఫ్యాక్టరీ క్యాంపర్ కొనుక్కుంటే ఈ గొడవలేవీ ఉండవని కొందరంటారు. 2005లో కత్రినా తుఫాను తర్వాత ఇళ్లు పోయినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన ట్రైలర్లలో ఏమైంది? కళ్లు మండటం, దగ్గు, తలనొప్పి. తర్వాత ఆరోగ్య శాఖవాళ్లు కొలిస్తే ఫార్మాల్డిహైడ్ ఎక్కువగా తేలింది. జిగురు పలకల్లోంచి వచ్చిన విషం అది. చేత్తో కట్టుకుంటే ఏ ప్లైవుడ్ వాడానో, ఏ జిగురు వాడానో నాకు తెలుస్తుంది.

అక్క: నువ్వే సాక్ష్యం తెచ్చి నా చేతికిచ్చావు. ఆ ట్రైలర్లలో పలకలు చెడ్డవి, నిజమే. కానీ ఆ గాలి మనుషుల్ని అంతగా బాధపెట్టడానికి ఇంకో కారణం చిన్న గది, బిగుతు గది, సరిగా గాలి మారని గది. నీది అంతకంటే చిన్నది. దాన్ని అంతకంటే బిగుతుగా చేస్తానంటున్నావు.

తమ్ముడు: బిగుతు అంటే గాలి వద్దని కాదు. గాలి నేను పెట్టిన దారిలోనే రావాలి, పోవాలి అని. అతుకుల్లోంచి ఇష్టం వచ్చినట్టు దూరే గాలి తేమను గోడల్లోకి మోసుకుపోతుంది. ఫ్యాన్‌లోంచి పోయే గాలి బయటికి మోసుకుపోతుంది.

అక్క: ఆ ఫ్యాన్‌ను చలిలో ఎంతమంది తిప్పుతారు? వెచ్చదనం పోతుందని మూసేస్తారు. ఈ భయం ఎంత అనవసరమో లెక్క చెబుతాను, ఎందుకంటే దీనిమీద ఎవరూ లెక్క వేయరు. నిమిషానికి పదిహేను ఘనపుటడుగుల గాలి మారితే నీ వాతావరణంలో పోయే వేడి 0.2 కిలోవాటు కూడా ఉండదు. పాతకాలపు బల్బులు రెండు మూడు పెట్టినంత. ఆ కాస్త గాలి గంటకు సుమారు వంద గ్రాముల తేమను బయటికి మోస్తుంది. చలికాలపు బయటి గాలిలో నీరు చాలా తక్కువ కదా, లోపలికి వచ్చి వేడెక్కాక అది బాగా పీల్చుకుంటుంది. నిద్రపోయే ఇద్దరు మనుషులు గంటకు వదిలేది అంతే, ఎనభై తొంభై గ్రాములు. అంటే కప్పు ఫ్యాన్‌ను అతి తక్కువ వేగంలో తిప్పి, నేల దగ్గర చిన్న గాలి దారి తెరిచి ఉంచితే లెక్క సరిపోతుంది. గోడ మందం అంగుళం నుంచి రెండంగుళాలు చేయడానికి నువ్వు పెట్టే డబ్బుతో మిగిలే వేడి అర కిలోవాటు లోపే. తేమ సమస్య తీర్చేది మాత్రం ఈ 0.2 కిలోవాటే.

తమ్ముడు: ఈ లెక్క నేను వేయలేదు. ఫ్యాన్ తిప్పితే సగం వేడి పోతుందనుకున్నాను. సరే, చలిలో కూడా ఫ్యాన్ తిరుగుతుంది. కానీ అక్కా, గోడ చల్లగా ఉంటే ఎంత గాలి మార్చినా ఆ గోడ మీద నీరు పడుతూనే ఉంటుంది. గాలి మార్చడం, గోడను వెచ్చగా ఉంచడం రెండూ కలిస్తేనే ఫలితం. పైగా గోడలు ఆపిన వేడి ఉంటేనే కదా, ఆ 0.2 కిలోవాటు వదులుకోవడానికి మనసొస్తుంది.

అక్క: అవును, రెండూ కలవాలి. ఇంకొకటి చేర్చు. గదిలోపల మండే ప్రొపేన్ హీటర్ ఉంటే ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నర పైగా నీరు పుడుతుంది. దుకాణంలో దొరికే ఒక పౌండు ఆకుపచ్చ సిలిండర్ ఒక రాత్రికి కాలిస్తే ముప్పావు లీటరు నీటిని ఆవిరిగా గదిలో పోసినట్టే. మనుషులు ఇద్దరు వదిలే దానికి అది అదనం. బిగించిన పెట్టెలో అలాంటి హీటర్ పెట్టుకుని, గోడలు కారుతున్నాయని ఇన్సులేషన్‌ను తిట్టేవాళ్లు ఎందరో. కార్బన్ మోనాక్సైడ్ మాట తర్వాత చెబుతాను, అది వేరే స్థాయి సంగతి.

తమ్ముడు: డీజిల్ హీటరే పెడతాను, పొగ గొట్టం నేలలోంచి బయటికి. అందులో మార్పు లేదు.

అక్క: ఇక వేసవికి రా. మా డాలస్‌లో ఆగస్టు మధ్యాహ్నం కప్పు రేకు మీద చెయ్యి పెట్టలేం. అక్కడ మాత్రం నేను ఇన్సులేషన్ పక్షమే, కప్పు వరకు. ఎండ నేరుగా పడేది కప్పు మీద. దానికి అంగుళంన్నర ఫోమ్ పెట్టు, రెండు పెట్టు, నేను వద్దనను. ట్రైలర్ తెల్లదైతే మరీ మంచిది. గోడల సంగతి వేరు. ఏసీకి కరెంటు లేని చోట ఆగావనుకో. పగలంతా తలుపులు తెరిచి ఉన్నా లోపలి సామాను, ప్లైవుడ్, పరుపు వేడి పట్టేస్తాయి. పొద్దుగూకాక ఒట్టి రేకు గోడ గంటలో చల్లబడుతుంది. మందంగా కప్పిన గోడ ఆ వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఇద్దరు మనుషులు ఒళ్లు ఊరకే ఉన్నా చెరో వంద వాట్ల వేడి వదులుతూనే ఉంటారు. అలాంటి రాత్రి నిన్ను కాపాడేది గోడ కాదు, పద్నాలుగు అంగుళాల కప్పు రంధ్రంలో తిరిగే ఫ్యాన్.

తమ్ముడు: ఏసీ లేకపోతే నువ్వన్నది సగం నిజం. ఏసీ ఉంటే మొత్తం నా వైపుకు తిరుగుతుంది. గోడలు ఆపితే కిటికీకి పెట్టే చిన్న ఏసీ చాలు. ఆపకపోతే కప్పు మీద పెద్ద ఏసీ పెట్టాలి. సరుకుల ట్రైలర్ కప్పు కమ్మీలు అంత బరువు మోయడానికి కట్టినవి కావు, అదనంగా ఫ్రేము వేయాలి. అప్పుడు బరువు ఎవరు పెంచినట్టు?

అక్క: బరువు మాట నువ్వే ఎత్తావు, మంచిది. నీ బండి సామానుతో కలిపి ఉండాల్సిన బరువు పరిమితి 2,990 పౌండ్లు. ఆ అంకె ఊరికే రాలేదు. చాలా రాష్ట్రాల్లో మూడు వేల పౌండ్లు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలి. అందుకని తయారీదారులు ఒక్క ఇరుసు బండిని దాని కింద ఆపుతారు. ఖాళీ బండే పదమూడు వందలు అనుకుంటే, మిగిలేది పదిహేడు వందల లోపు. ఫోమ్ బరువు యాభై పౌండ్లు కూడా ఉండదు, నేను దాన్ని అనను. దాన్ని కప్పే ప్లైవుడ్ చూడు. పావు అంగుళం వేస్తే గోడలకూ కప్పుకూ కలిపి రెండు వందల పౌండ్లు. గట్టిగా ఉండాలని అర అంగుళం వేస్తే నాలుగు వందలు దాటుతుంది. ఇరవై గ్యాలన్ల నీళ్లు 167 పౌండ్లు. మంచం, అల్మారాలు, బ్యాటరీలు, మనుషుల సామాను. ఇవన్నీ కలిపి ఎంతో తెలియాలంటే లారీలు తూచే కాటా మీద పెట్టాలి. ఆ కాటా ఎక్కించకుండా రోడ్డెక్కేవాళ్లే ఎక్కువ.

తమ్ముడు: అందులో నిన్ను మించి జాగ్రత్త పడతాను. బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడన్నదీ. హుక్కు మీద మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం పడాలి. వంటగట్టు, నీళ్ల ట్యాంకు వెనక తలుపు దగ్గర పెడితే చూడ్డానికి బాగుంటుంది, కానీ ముందు తేలికై, వేగంలో తోక ఊగడం మొదలవుతుంది. ఒకసారి ఊగితే లాగే కారును కూడా పక్కకు పడేస్తుంది. నా ట్యాంకు ఇరుసుకు కాస్త ముందు ఉంటుంది. బ్యాటరీ ముందు మూలలో, లోపల. బయట పెట్టే ప్రశ్నే లేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల సెల్సియస్ కింద చార్జి చేస్తే పాడవుతుంది. గోడలు ఆపిన వెచ్చదనం మనకే కాదు, దానికీ కావాలి.

అక్క: బ్యాటరీ మాట సరైనది. మరి నీ ఎత్తెంత?

తమ్ముడు: ఐదడుగుల ఎనిమిది అంగుళాలు.

అక్క: ఆరడుగుల ట్రైలర్‌లో లోపలి వెడల్పు ఐదడుగుల ఎనిమిదో తొమ్మిదో అంగుళాలు. మంచం అడ్డంగా వేస్తే ఇప్పుడే తల ఒక గోడకు, కాళ్లు ఒక గోడకు తగులుతాయి. అటూ ఇటూ అర అంగుళం పలక, పావు అంగుళం ప్లైవుడ్ వేస్తే అంగుళంన్నర పోయింది. ఇంకా మందం పెంచితే ముడుచుకుని పడుకోవాలి. మంచం నిలువునా వేస్తే నడిచే దారి పోతుంది. మందం అంటే ఇక్కడ కాగితం మీది ఆర్ విలువ కాదు, నీ మోకాళ్లు.

తమ్ముడు: కమ్మీల మధ్య నింపే ఫోమ్ వెడల్పు తినదక్కా. అది రేకుకూ ప్లైవుడ్‌కూ మధ్య ఎలాగూ ఉన్న జాగా. అందుకే ఆ ఖాళీని వదలనంటున్నాను. నువ్వన్న పలక లోపలికి వస్తుంది, నా నురుగు రాదు. చిన్న బండిలో అంగుళం అంగుళం లెక్కపెట్టే మనిషి ఖాళీగా ఉన్న అంగుళాన్ని గాలికి ఎందుకు వదలాలి?

అక్క: ఆ గాలే అడుగు దారినుంచి నీరు బయటికి పోవడానికి చోటు కాబట్టి.

తమ్ముడు: ఆ గాలే నీరు పడటానికి కూడా చోటు.

అక్క: ఇక్కడ మనం కలవం. నువ్వు ఏడాదికి ఎన్నో రాత్రులు మంచులో పడుకుంటావు. నీకు లోపలి తేమ పెద్ద శత్రువు. నేను ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో పిల్లలతో టెక్సస్ పార్కుల్లో తిరుగుతాను. నాకు వాన పెద్ద శత్రువు. నీలా నెలల తరబడి అందులోనే ఉండాలనుకునేవాడు మందంగా కట్టుకోవడం తప్పనను. వారాంతాలకు వాడేవాళ్లు నిన్ను చూసి అలా కట్టుకుంటే మాత్రం తప్పంటాను. ఒక్కటి అడుగుతాను, కాదనకు. గోడ అంతా నురుగుతో నింపినా సరే, వెనక తలుపుల దగ్గర, ముందు మూలల్లో, కిటికీల కింద అడుగు వరసను మాత్రం పలకలతో, స్క్రూలతో చెయ్యి. ఏడాదికోసారి విప్పి వేలితో తడిమి చూడు.

తమ్ముడు: అడుగు వరస స్క్రూలతోనే చేస్తాను. పైన నురుగే. నువ్వు కూడా ఒకటి చెయ్యి. నీ పలకల వెనక ఒక తేమ కొలిచే మీటరు పెట్టు. చిన్నది, లోపలినుంచే ఫోన్‌లో చూసుకోవచ్చు. ఫిబ్రవరిలో అక్కడ తొంభై శాతం చూపిస్తే అప్పుడు మళ్లీ మాట్లాడదాం.

అక్క: పెడతాను. ఎంత చూపిస్తే అంత చెబుతాను, దాచను. ఇప్పుడు ఇందాక ఆపిన ప్రాణ భద్రత మాట, ముందు తలుపులు. నీ వెనక తలుపులు రెంటికీ బయటి కడ్డీతో పడే గడియలే ఉన్నాయి. లోపలినుంచి తెరవలేవు. పక్క తలుపుకు కూడా బయట అడ్డ కడ్డీ ఉంది. ఎవరైనా పొరపాటునో, కావాలనో ఆ కడ్డీ తోశారంటే నువ్వు లోపల చిక్కుకుపోతావు. సరుకులకు అది సరిపోతుంది, మనిషికి కాదు. అందులో నీ గోడలనిండా ఉన్నది నురుగు. నిప్పంటుకుంటే దాని పొగే ముందు చంపుతుంది, మంట కాదు. అందుకే దాన్ని ఎక్కడా బయటికి కనపడేలా వదలకూడదు, ప్లైవుడ్ కింద కప్పెయ్యాలి. ఆ ఒక్క విషయంలో నీ ప్లైవుడ్ బరువును కూడా మెచ్చుకుంటాను.

తమ్ముడు: ఇందులో వాదం లేదు. క్యాంపర్లకు పెట్టే గడియ తెస్తాను, లోపలినుంచి తిప్పితే తెరుచుకునేది. మంచం పక్క గోడలో మనిషి పట్టేంత కిటికీ, పైకి నెడితే పూర్తిగా తెరుచుకునేది, పెడతాను. అది కోయాల్సింది నురుగు కొట్టకముందే.

అక్క: ముందే. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే తల దగ్గర, పొగ అలారం కప్పుకు, ప్రొపేన్ గాలికంటే బరువు కాబట్టి దాని అలారం నేల దగ్గర. ఇవన్నీ ఖాయం చేసుకున్నాకే ఫోమ్ ఏదన్నది తేల్చుకో. నీ పద్ధతిలో కట్టినా, నా పద్ధతిలో కట్టినా, లోపలినుంచి తెరుచుకునే రెండో దారి లేని పెట్టెలో ఒక్క రాత్రి కూడా పడుకోకు.